ఏడో ఫిలిం

చందూర్ శివారులోని చెరకు తోటలో, కాలువ నీళ్లు వంతుల ప్రకారం వదిలే లష్కరు లింబయ్య తుపాకి దెబ్బకు పడిపోయి అప్పటికి ఒక పగలు, ఒక రాత్రి గడిచాయి. చంపింది తానేనని తోట కావలివాడు ఎర్రన్న ఆ పొద్దునే ఒప్పుకున్నాడు. ముందు రోజు నీటి వంతు దగ్గర ఇద్దరికీ మాటామాటా పెరగడం పదిమంది చూశారు. తెల్లారుతుండగా చెరకులో అలికిడైతే అడవిపంది అనుకొని నాటు తుపాకి పేల్చానని, దగ్గరికి పోయి చూస్తే లింబయ్య పడి ఉన్నాడని ఎర్రన్న చెప్పాడు. పోలీసులు ‘పంది అనుకొని’ అన్న ముక్క తప్ప మిగిలినదంతా నమ్మారు. నిజామాబాద్‌లో శవపరీక్ష చేసిన డాక్టర్ తారాబాయి మాత్రం రిపోర్టు చివరిదాకా రాసి, సంతకం చేయాల్సిన చోట ఆగిపోయింది. లింబయ్య ఛాతీలోకి పోయిన గుండు ఆమెకు ఎక్కడా కనిపించలేదు.

“దొరకకుంటే దొరకలేదనే రాయుండ్రి, డాక్టరమ్మా. ఎవరొద్దన్నరు?” అన్నాడు ఇన్‌స్పెక్టర్ బాపురావు. గదిలో కుర్చీ ఖాళీగానే ఉన్నా ఆయన కూర్చోలేదు. టోపీ తీసి చంకలో పెట్టుకొని కిటికీ పక్కన నిలబడ్డాడు. “చెరుకుల ఎక్కడ్నో పడిపోయింది. నిన్నటి సంది నా జవాన్లు పాకుకుంట దేవులాడుతున్నరు. ఆడ ఎండుటాకు మోకాలు లోతున్నది. ఇంక దొరకది.”

“పడిపోవాలంటే ముందు బయటికి రావాలె కద, ఇన్‌స్పెక్టర్ సాబ్.” తారాబాయి బల్ల మీద కాగితం తీసి, మనిషి బొమ్మ గీసిన చోట వేలు పెట్టింది. “ఇక్కడ ఎడమ రొమ్ము కింద లోపలికి పోయింది. వీపు మీద చిల్లు లేదు. పక్కలకు లేదు. గుండెకు ముందర గోడల చిల్లున్నది, వెనుక గోడల లేదు. పోయిన దారి ఉన్నది, వచ్చిన దారి లేదు. మరి లోపలన్న ఉండాలె. నిన్న మూడు గంటలు చూసిన. లేదు.”

“మరెట్ల?”

“తెల్వదు. తెల్వకుండ సంతకం పెట్టను.”

బాపురావు చెడ్డవాడు కాదు. లంచం ముట్టడని వర్ని నుంచి బోధన్ దాకా పేరుంది. చేతిలో ఒప్పుకోలు ఉన్న కేసును మళ్లీ ఎందుకు తవ్వాలో ఆయనకు అర్థం కాలేదు, అంతే. “ఎర్రన్న నాలుగు సీసం గుండ్లు కూరిండు. ఒకటి తగిలింది, మూడు చెరుకులకు పోయినయ్. వాని నోటితోని వాడే చెప్తుండు. ఇగ మనకేం ఇబ్బంది?”

తారాబాయి కాగితాన్ని మళ్లీ బల్ల మీద పెట్టింది. ఆమె బోధన్‌లో పుట్టి, హైదరాబాద్‌లో డాక్టరు చదువు చదివి, ఈ ఆసుపత్రికి వచ్చి నాలుగేళ్లయింది. ఆడమనిషికి శవపరీక్షలెందుకని మొదట్లో అన్నవాళ్లు ఇప్పుడు అనడం మానేశారు. ఆమె రాసిన రిపోర్టు మీద ఇంతవరకు ఏ కోర్టులోనూ పేచీ రాలేదు. కానీ రాత్రంతా ఆమెను నిద్రపోనివ్వనిది పేచీ భయం కాదు. తన చేతుల మీదుగా పోయిన మనిషి ఒంట్లో తనకు కనిపించనిది ఒకటి మిగిలిపోయింది. శవంతో పాటు దాన్నీ చితి మీద కాల్చేస్తే ఇక ఎవరికీ కనిపించదు.

తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. ఎక్స్‌రే గదిలో పనిచేసే సిద్దిరాములు. యాభై దాటిన మనిషి. మందు నీళ్లలో ఫిలింలు ముంచీ ముంచీ వేళ్ల కొసలు గోధుమ రంగుకు తిరిగాయి. చేతిలో ఏదో రోగి ఫిలిం ఉంది కానీ, ఆయన వచ్చిన పని అది కాదని మొహమే చెబుతోంది.

“డాక్టరమ్మా, నిన్నటి సంది ఇంటున్న. నడుమ మాట్లాడుతున్న, ఏమనుకోవద్దు. మనిషికి కండ్లు ఉన్నయి, నెత్తుట్ల కనబడదు. మిషినుకు నెత్తురు అడ్డం రాదు. ఫోటో తీద్దాం.”

“చచ్చిన మనిషికి ఎక్స్‌రేనా?” అన్నాడు బాపురావు.

“మిషినుకు బతికినోడు, సచ్చినోడు అని ఏం తెల్వది సార్. ఇనుమున్నదా, సీసమున్నదా, గంతే చూపిస్తది.”

తారాబాయికి ఆ ఆలోచన రాకపోలేదు. కానీ పెద్ద ఫిలింలు హైదరాబాద్ నుంచి రావాలి. “ఎన్ని ఉన్నయ్ సిద్దిరాములన్నా?”

“పెద్దయి ఎనిమిది. కొత్త పెట్టె సోమారం దాంక రాదు.”

“రోగులు?”

“కాళ్లు చేతులు ఇరిగినోళ్లకు చిన్న ఫిలింలు సాలుతయ్. దగ్గుతోని వచ్చినోళ్లు ముగ్గురున్నరు. వాళ్లు నాలుగు రోజులు ఆగుతరు. నేను అడిగే వచ్చిన.”

అడిగే వచ్చానన్న ఆ మాటతో ఆమె లేచి నిలబడింది.

లింబయ్య భార్య గంగమణి వరండాలో గోడకు ఆనుకొని కూర్చుంది. ఆమె చుట్టూ నలుగురు చుట్టాలు. వరండా అవతలి చివర ఒంటరిగా, ఒళ్లో సద్ది గిన్నె పెట్టుకొని ఎర్రన్న భార్య రేణుకమ్మ ఉంది. ఎర్రన్న ఇదే ఆసుపత్రిలో, పై వార్డులో ఉన్నాడు. తుపాకి మందు మంట వెనక్కి కొట్టి కుడి చేయి కాలింది. నిన్నటి నుంచి అతను మెతుకు ముట్టలేదు. ఆ గిన్నె పైకి పోవడం, నిండుగా కిందికి రావడం గంగమణి చూస్తూనే ఉంది. మొన్నటిదాకా ఆ రెండు ఇళ్ల మధ్య ఒకటే గోడ.

“ఇంకెంత సేపు కోస్తరమ్మా?” అంది గంగమణి, తారాబాయిని చూడగానే. గొంతు ఎండిపోయి ఉంది. “ఊర్ల కట్టెలు పేర్సి కూసున్నరు. రెండు దినాలాయె.”

తారాబాయి ఆమె ముందు కింద కూర్చుంది. “కోయను గంగమణీ. కోసుడు అయిపోయింది. ఫోటోలు తీస్తం. నాకు ఇంకొన్ని గంటలు కావాలె.”

“సచ్చినోనికి ఫోటోలు ఏం జేస్తరు?”

“ఆయనకు తగిలిన గుండు నాకు దొరకలేదు. నేను దాచిపెట్టి అబద్ధం చెప్పను. అది ఆయన లోపలే ఉన్నది. ఈ పొద్దు వెతకకుంటే ఇంక ఎన్నటికీ దొరకది.”

గంగమణి తల తిప్పి వరండా చివరకు చూసింది. “దొరికితే మాత్రం ఏమున్నది? ఎవలు సంపిండ్రో ఊరంతటికి ఎరుకే. గామె మొగడే నాతోని సంపిన అన్నడు.”

రేణుకమ్మ తలెత్తలేదు. గిన్నె మీద కప్పిన గుడ్డ అంచును వేళ్లతో మడత పెడుతూ ఉండిపోయింది.

“నువ్వు వద్దంటే తియ్యను,” అంది తారాబాయి. నిజానికి అడగాల్సిన అవసరం ఆమెకు లేదు. చట్టం ఆమె పక్షానే ఉంది. అయినా అడిగింది.

గంగమణి కొంగుతో మొహం తుడుచుకొని అంది: “మొలతాడు తెంపొద్దు. మా అత్త కట్టిన తాయెత్తున్నది దానికి. పొద్దు గూకక ముందు ఇచ్చేయుండ్రి.”

ఎక్స్‌రే గది కిటికీలకు నల్ల గుడ్డలు వేలాడుతున్నాయి. మధ్యాహ్నం రెండవుతోంది. రోడ్డు అవతలి బియ్యం మిల్లులు తిరిగేటప్పుడు కరెంటు పడిపోతుంది, మిషను ముల్లు ఎర్రగీత దాకా ఎక్కదు. సిద్దిరాములు ఆ ముల్లు మీద కళ్లు పెట్టి, అది పైకి వచ్చిన క్షణాన్ని పట్టుకునేవాడు.

శవాన్ని బల్ల మీద సర్దేటప్పుడు ఆయన లింబయ్యతో మాట్లాడాడు. “కొద్దిగ ఇటు జరుగు బిడ్డా. ఆ, గట్ల. నిమ్మలంగ పండుకో.” రోజూ రోగులతో అనే మాటలే. మొదటి ఫిలిం తీసేముందు అలవాటు చొప్పున “ఊపిరి బిగవట్టు” అని, వెంటనే నాలుక కరుచుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

మొదటిది ఛాతీ, ముందు నుంచి. రెండోది ఛాతీ, పక్క నుంచి. చీకటి గదిలో ఎర్రదీపం కింద మందు నీళ్లలో ముంచి, కడిగి, తడి తడిగానే తెచ్చి వెలుతురు పెట్టెకు ఆనించాడు. పక్కటెముకలు తెల్లగా, దొంతరగా కనిపించాయి. ఐదో ఎముక అంచున చిన్న పగులు. గుండు లోపలికి పోతూ గీసుకుపోయిన చోటు అది. అంతకు మించి ఏమీ లేదు.

మూడోది పొట్ట. ఏమీ లేదు. నాలుగోది మెడ, భుజాలు. అక్కడా లేదు.

ఐదో ఫిలిం నడుముది. సిద్దిరాములు దాన్ని పట్టుకొని చీకటి గదిలోంచి గబగబా బయటికి వచ్చాడు. బాపురావు కుర్చీలోంచి లేచాడు. తుంటి ఎముకకు కాస్త పైన, చిటికెన వేలు గోరంత తెల్లటి మచ్చ మెరుస్తోంది.

“గదేనా?” అన్నాడు బాపురావు.

తారాబాయి దగ్గరికి వంగి చూసింది. మచ్చ నడిమధ్య నల్లటి సన్నటి గీత ఉంది. లోపల బోలుగా ఉన్న వస్తువు. ఆమె మెల్లగా వెనక్కి జరిగింది. “కాదు. మొలతాడు తాయెత్తు.”

ఆరోది కుడి తొడ. దాంట్లో ఎముక తప్ప ఏమీ లేదు. అప్పటికి నాలుగు కావస్తోంది.

“ఇగ సాలు డాక్టరమ్మా,” అన్నాడు బాపురావు. ఈసారి ఆయన గొంతులో విసుగు లేదు, జాలి ఉంది. “మీరు చేయాల్సింది చేసిండ్రు. రొమ్ముల తగిలిన గుండు కాళ్లల్ల ఎందుకుంటది? ఆ తల్లికి మాటిచ్చిండ్రు, పొద్దు గూకుతున్నది.”

సిద్దిరాములు ఏడో ఫిలింను డబ్బాలో బిగిస్తున్నాడు. తలెత్తకుండానే అన్నాడు: “బర్మా లడాయిల నేను మిలిట్రీ దవాఖాన్ల ఉంటి సార్. ఒక జవానుకు రొమ్ముల తగిలింది. వచ్చేవరకే పాణం పోయింది. రొమ్ముల గుండు లేకుండె. మా కర్నల్ సాబ్ కాళ్ల దాంక ఫోటోలు తియ్యిమన్నడు. మేమందరం వెనుక నవ్వినం. మోకాలి కాడ దొరికింది.”

“ఎట్ల?”

“ఎట్లనో ఆయన ఇంగ్లీషుల చెప్పిండు. నాకు సమజ్ కాలే. దొరికిందన్నది మాత్రం కండ్లార చూసిన.”

తారాబాయి ఆయన వైపు చూసింది. కాలేజీలో చదివిన లావాటి పుస్తకంలో, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ఒక వాక్యం ఆమెకు లీలగా గుర్తొచ్చింది. గుండెకు వెనుక గోడలో చిల్లు లేదన్న సంగతి నిన్నటి నుంచి తాను ఎన్నిసార్లు చెప్పిందో! గుండు గుండెలోనే ఆగింది. ఆగి, అక్కడ లేదు. గుండెలోంచి బయటికి పోయే దారి ఇంకొకటి ఉంది.

“ఎడమ తొడ తియ్యి అన్నా,” అంది.

మిల్లులు తిరుగుతున్నాయి. ముల్లు ఎర్రగీత దగ్గర వణికి కిందికి జారింది. మళ్లీ ఎక్కింది. మళ్లీ జారింది. మూడోసారి నిలబడింది. సిద్దిరాములు మీట నొక్కాడు.

చీకటి గదిలో ఆయనతో పాటు తారాబాయి కూడా నిలబడింది. ఫిలిం మందు నీళ్లలోంచి లేచే ముందే, ఎర్రదీపం వెలుగులోనే ఆమెకు కనిపించింది. తొడ ఎముక పక్కన, ఎముక కంటే గట్టిగా, ఖర్జూరం గింజలా నిలువుగా ఒక మచ్చ. ఆమె నోరు తెరవలేదు. చూసింది తానొక్కతే అయితే ఆశ కొద్దీ కనిపించినట్టవుతుందని, సిద్దిరాములు అనేదాకా ఆగింది.

“ఉన్నదమ్మా,” అన్నాడాయన.

బాపురావు ఆ తడి ఫిలిం ముందు చాలాసేపు నిలబడ్డాడు. చుక్కలు చుక్కలుగా నీళ్లు ఆయన బూట్ల మీద పడుతున్నాయి.

“ఎర్రన్న కూరినయి గుండ్రటి గుండ్లు,” అంది తారాబాయి. “సీసం కరగబోసి తానే చేసుకున్నడట. గుండ్రటిదైతే ఎటు దిక్కు నుంచి తీసినా గుండ్రంగనే కనబడాలె. ఇది నిలువుగ ఉన్నది. ఒక కొన మొద్దు, ఒక కొన నున్నగ.”

“ఎముకకు తగిలి నలిగిందేమో. పక్కటెముక పగిలిందని మీరే అంటిరి.”

అది సరైన ప్రశ్న. తారాబాయికి ఆయన మీద గౌరవం కలిగింది. “నలిగిన సీసానికి అంచులు వంకరటింకరగ ఉంటయ్. కాని మీరన్నట్టు ఒక్క ఫోటో చూసి చెప్పొద్దు. పక్క నుంచి ఇంకొకటి తీద్దాం.”

ఎనిమిదో ఫిలిం ఆ పెట్టెలో ఆఖరిది. పక్క నుంచి తీసినా మచ్చ అదే రూపంలో నిలబడింది. చర్మానికి ఎంత లోతులో ఉందో కూడా తేలింది. సాక్షులుగా పిలిచిన ఇద్దరు పంచుల ముందు, రబ్బరు తొడుగు వేసిన పటకారుతో, తొడలో నడిచే పెద్ద రక్తనాళంలోంచి తారాబాయి దాన్ని బయటికి తీసింది. కడిగి, గాజు పళ్లెంలో దూది మీద పెట్టింది. రాగి తొడుగు ఉన్న సన్నటి తూటా. దాని ఒంటి చుట్టూ పురి తిరిగినట్టు సన్నటి గీతలు.

“గుండె గోడ చీల్చేవరకే దీని జోరు అయిపోయింది,” అంది ఆమె. “లోపల పడ్డది. గుండె అప్పుడే ఆగలే, ఇంకొన్నిసార్లు కొట్టుకున్నది. ఆ నెత్తురే దీన్ని పెద్ద నాళంలకు తోసింది. పొట్ట దాటి, తొడల ఇరుకైన కాడికి వచ్చి ఇరుక్కున్నది.”

బాపురావు పళ్లెం పక్కన వంగాడు. చేయి పెట్టలేదు. తూటాలు ఆయనకు తెలుసు. “నాటు తుపాకి గొట్టం లోపల నున్నగ ఉంటది,” అన్నాడు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. “గీ గీతలు దాంట్ల రావు. పురి కోసిన గొట్టంలకెళ్లి వచ్చిందిది. చిన్న పిస్తోలు. నా నడుముకున్న దానికంటె చిన్నది.” కాసేపు ఆగి, నిటారుగా నిలబడ్డాడు. “కావలి కాసేటోనికి గిసొంటిది ఎక్కడిది? పొద్దుగాల నేను చెప్పినట్టు మీరు సంతకం పెట్టి ఉంటే, డాక్టరమ్మా...”

“పెట్టలేదు కద,” అంది తారాబాయి.

ఆమె ఏడో ఫిలింను చట్రంతో సహా చేతిలోకి తీసుకుంది. ఇద్దరూ మెట్లెక్కి పై వార్డుకు వెళ్లారు.

ఎర్రన్న మంచం చివర కూర్చున్నాడు. కుడి చేతికి మోచేతి దాకా కట్టు. ఎడమ చేతికి బేడీ, దాని రెండో వైపు మంచం కోడుకు. పక్కన జవాను. కింద నేల మీద రేణుకమ్మ, మళ్లీ అదే గిన్నెతో. ఇన్‌స్పెక్టర్‌ను చూసి ఎర్రన్న లేవబోయాడు. బేడీ లాగింది.

“కూసో ఎర్రన్నా,” అన్నాడు బాపురావు. “లింబయ్యకు తగిలింది నీ గుండు గాదు.”

ఎర్రన్న మొహంలో ఏ మార్పూ రాలేదు. మాట చెవిలో పడలేదేమో అనిపించింది.

“ఇనబడ్డదా?”

“ఇనబడ్డది సార్.” అతను తారాబాయి వైపు తిరిగాడు. “నేను తింటలేనని గిట్ల చెప్పిస్తున్నరా అమ్మా? తింట. రేణుకా, గిన్నె ఇటియ్యి.”

తారాబాయి అతని మంచం దగ్గరికి జరిగింది. ఫిలిం చట్రాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. “ఇటు చూడు. ఇది లింబయ్య తొడ ఎముక. ఇగో, దీని పక్కన ఇదున్నది చూడు. నువ్వు కరగబోసిన గుండు గిట్లుంటదా?”

ఎర్రన్న చాలాసేపు చూశాడు. బేడీ ఉన్న చేయి అందినంత వరకు చాచి, చట్రం అంచును ముట్టుకున్నాడు. ఫిలిం మీద వేలు పడకుండా జాగ్రత్తపడ్డాడు. “గిది లింబని లోపల ఉన్నదా?”

“ఉండె. నేనే తీసిన.”

“నావి గుండ్రంగ ఉంటయ్ అమ్మా. శనగ గింజల లెక్క.” అతను చేయి వెనక్కి తీసుకున్నాడు. “మరి నావి ఎటు పోయినయ్?”

“ఎటో పోయినయ్. ఆయన ఒంటి మీద ఇంకో గాయమే లేదు. ఆయనకైతే తగల్లేదు.”

అప్పుడు ఎర్రన్న మంచం మీద ముందుకు వంగి, కట్టు కట్టిన చేతిలో మొహం దాచుకున్నాడు. ఏడుపు చప్పుడు రాలేదు. భుజాలు మాత్రం కదిలాయి. రేణుకమ్మ లేచి అతని వీపు మీద చేయి వేసి నిలబడింది. జవాను ఎటో చూశాడు.

కొంతసేపటికి అతను తలెత్తాడు. “సార్, ఆ సప్పుడు.”

“ఏం సప్పుడు?”

“తెల్లారంగ చెరుకుల ఒక సప్పుడు ఇనొచ్చింది. నా బందూకుది గాదు. చిన్నగ, పటుక్కున. గాభరైంది. గప్పుడే చెరుకు కదిలింది. పంది మీదికొస్తున్నదని పేల్చిన. తర్వాత అనుకున్న, నా బందూకు సప్పుడే కాలువ గట్టుకు కొట్టి మల్ల ఇనొచ్చిందని.”

“ముందుగాల ఇనొచ్చిందా, తర్వాతనా?”

ఎర్రన్న కళ్లు మూసుకున్నాడు. ఆ పొద్దును మళ్లీ చూసుకున్నాడు. “ముందుగాల.”

“నువ్వు పేల్చకముందే నీ సప్పుడు గట్టుకు ఎట్ల కొడ్తది?” బాపురావు గొంతు పెరిగింది, మళ్లీ తగ్గింది. “నిన్న ఎందుకు చెప్పలే?”

“లింబడు కింద పడున్నడు సార్. బందూకు నా చేతుల ఉన్నది. పొగ ఇంకా పోలే. ఇంకేం చెప్పాలె?”

తలుపు దగ్గర కదలిక వినిపించి అందరూ తిరిగి చూశారు. గంగమణి నిలబడి ఉంది. శవాన్ని అప్పగిస్తారని చెబితే డాక్టరమ్మను వెతుక్కుంటూ పైకి వచ్చింది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో ఎవరికీ తెలియదు. ఆమె కళ్లు తారాబాయి చేతిలోని ఫిలిం మీద ఉన్నాయి. మెల్లగా నడిచి వచ్చి రేణుకమ్మ పక్కన ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. గంగమణి వంగి నేల మీది గిన్నె తీసి, గుడ్డ విప్పి, ఎర్రన్న ముందు మంచం మీద పెట్టింది.

“తినన్నా,” అంది. “వదినె కూడ తినలే.”

ఆ తర్వాత ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. “సార్, నీళ్ల వంతు కాడ ఏం లొల్లి అయింది, ఎవరేమన్నరు, నిన్నటి సంది అందరు నన్ను గదే అడిగిండ్రు. ఆ పొద్దు మా ఆయన తోటకు ఎందుకు పోయిండని ఎవ్వలు అడగలే.”

బాపురావు పాకెట్ పుస్తకం తీశాడు. “ఎందుకు పోయిండు?”

“ఆయన వంతు గాదు ఆ దినం. పండుకున్నడు. కోడి కూసేటప్పుడు సైకిల్ మీద ఒకాయన వచ్చి లేపిండు. తోట తూము కాడ సారు రమ్మంటుండన్నడు. ఏ సారో చెప్పలే. పార గూడ తీసుకోకుండ ఎంబడి పోయిండు.”

“ఆ సైకిలాయనను మల్ల చూస్తే గుర్తు పడ్తవా?”

గంగమణి కిటికీ దగ్గరికి నడిచింది. ఆసుపత్రి ఎదురుగా రోడ్డుకు అవతల చాయ్ కొట్టు ఉంది. “పొద్దుగాల సంది గీడనే తిరుగుతుండు. నా దిక్కు చూస్తడు, మొకం తిప్పుకుంటడు. అగో, గోడకు సైకిల్ ఆనిచ్చి నిలవడ్డడు, నీలం అంగీ.”

నీలం చొక్కా మనిషి సరిగ్గా అప్పుడే తలెత్తి వార్డు కిటికీ వైపు చూశాడు. గంగమణి చూపుడు వేలు తన మీదే ఉందని అతనికి అర్థమైంది. బాపురావు అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. ఎర్రన్న పక్కనున్న జవాను కూడా వెనకాలే పరుగెత్తాడు. పైనుంచి తారాబాయి చూస్తూనే ఉంది. సైకిల్ ఎక్కి రోడ్డు మలుపు తిరిగితే ఇక అందడు.

అతను సైకిల్ ముట్టుకోలేదు. రోడ్డు దాటి, గేటు దాటి, నేరుగా ఆసుపత్రి మెట్ల దగ్గరికి వచ్చాడు. తారాబాయి, గంగమణి కిందికి దిగేసరికి వరండాలో బాపురావు ఎదుట చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుంది.

“నా పేరు నర్సింలు సార్,” అన్నాడు. “లింబన్నను పిలుచుకపోయింది నేనే. ఎందుకు పిలువుమన్నరో నాకు ఎరుక లేకుండె. కాల్చింది నేను గాదు. కాల్చినాయన ఎవరో చెప్పనీకే పొద్దుగాల సంది గీడ తిరుగుతున్న. లోపటికి వచ్చే ధైర్యం చాలలే. ఈమె వేలు నా మీద పడ్డంక ఇగ ఆగలేకపోయిన.”

గంగమణి అతని ఎదురుగా వచ్చి నిలబడింది. అతను తల దించుకున్నాడు.

బాపురావు పుస్తకంలో కొత్త పేజీ తిప్పి పెన్సిల్ పట్టుకున్నాడు. “చెప్పు. నీకు ఏం కాదు, నేనున్న.”

నర్సింలు నోరు తెరిచాడు. అంతలోనే గేటు బయట ఏదో బండి ఆగిన చప్పుడైంది. అతను ఒక్కసారి వెనక్కి చూసి, ఇన్‌స్పెక్టర్‌కు ఇంకా దగ్గరగా జరిగాడు.

“ముందుగాల లోపటికి నడువుండ్రి సార్,” అన్నాడు. “గా జీపు కాల్చినాయనదే.”